మలంచా రోడ్డులో బండి ఆపినప్పుడు

అక్కకు మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి విజయనగరంలో రాత్రి రైలెక్కాను. స్లీపర్లో పై బెర్తు దొరికింది, నిద్రే దొరకలేదు. పొద్దున ఎనిమిదికి ఖరగ్‌పూర్‌లో దిగేసరికి బావ స్కూటర్‌తో స్టేషన్ బయట ఉన్నాడు. మీరెప్పుడైనా వెళ్తే, నా మాట విని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కండి.

బావ ఏళ్ళ తరబడి రైల్వే వర్క్‌షాపులో సుత్తి మోతల మధ్య పనిచేస్తున్నాడు. చెవులు మందగించాయి. అక్కడ అందరూ అరిచే మాట్లాడుకుంటారు, ఆ గొంతే ఇంటికీ వస్తుంది. "మీ బావ ముందు సెవుల మాట ఎత్తకే, సిన్నబుచ్చుకుంటారు" అని అక్క ఫోన్లో ముందే చెప్పింది.

నిమ్‌పురాలో వాళ్ళ రైల్వే క్వార్టర్‌కు వెళ్తూ, అక్క మందుల కోసం మలంచా రోడ్డు వైపు తిప్పాడు. అక్కడ పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. ఈల వేశారు. నాకు వినపడింది, బావకు వినపడలేదు. నేను భుజం తట్టేలోపే ఒక కుర్ర కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇంజన్ ఆపమని హిందీలో గట్టిగా అన్నాడు. బావ ఆపలేదు.

"ఏటి దాదా, క్యా హువా?" అన్నాడు బావ. అది ఆయన మామూలు గొంతే. వీధిలో వాళ్ళంతా తిరిగి చూశారు.

"నా మీదే అరుస్తావా?" అని హిందీలో గద్దించి కుర్రాడు లాఠీ ఎత్తాడు.

అక్క మాట గుర్తుంది. కానీ ఆ లాఠీ దిగితే? "సునాయీ నహీ దేతా సాబ్, వినపడదు ఆయనకు" అని చెవి మీద చెయ్యి పెట్టి చూపించాను. అది బావ చూశాడు.

ఇంతలో పెద్ద వయసు పోలీసు ఒకాయన వచ్చి, కుర్రాడి చెయ్యి కిందికి దించి, బావ ఎదురుగా నిలబడ్డాడు. నోరెత్తలేదు. తాళం తిప్పినట్టు వేళ్ళు తిప్పి చూపించాడు. బావ ఇంజన్ ఆపాడు. పెద్దాయన లైసెన్సు చూసి, చేత్తోనే వెళ్ళమన్నాడు.

మందులు మర్చిపోయి ఇంటికెళ్ళాం. నేనున్న రెండు రోజులూ బావ నాతో ముభావంగానే ఉన్నాడు. తిరుగు ప్రయాణం నాటి మధ్యాహ్నం నన్ను స్టేషన్‌కు తీసుకెళ్తూ, అదే రోడ్డులో దూరంగా పోలీసులు కనపడగానే బండి పక్కకు తీసి, ఇంజన్ కట్టేశాడు.

"ఆళ్ళేటంటారో నువ్విని నాకు సెప్పమ్మా" అన్నాడు, ముందుకే చూస్తూ. ఆ మాట రోడ్డంతా వినపడింది. ఆ పూట మమ్మల్నెవరూ ఆపలేదు.

రైలు బాలాసోర్ దాటాక, పలాస వెళ్తున్న పక్క బెర్తు ఆవిడ "ఊరెలాగుందమ్మా?" అని అడిగింది. మంచి ఊరేనన్నాను. అక్క కోలుకుంటోంది, ఆ పెద్దాయన లాంటి పోలీసులూ ఉన్నారు. కానీ రేపు పొద్దున్నే బావ డ్యూటీకి బయల్దేరతాడు, వెనక సీట్లో ఎవరూ ఉండరు.