గడప ముందరి ఏనుగు

ధనుర్మాసంలో తిరుచానూరు వీధుల్లో నడుస్తుంటే, ఎవరి వాకిట్లోనైనా తడి జాజు వాసన తగిలితే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఎర్రమట్టి, పేడ, చన్నీళ్లు కలిసిన ఆ వాసన వెంటే మా అలివేలక్క చేతులు గుర్తొస్తాయి. మోచేతుల దాకా జాజు, గోళ్ల సందుల్లో ముగ్గుపిండి, చలికి పగిలిన వేళ్లు.

తెల్లవారకముందే నాయన పాశురాలు చదువుకుంటూ, అవ్వ కట్టెల పొయ్యి మీద మిరియాల పొంగలి కలుపుతూ ఉంటే, నేతిలో వేగే జీడిపప్పు వాసనకు దుప్పటి వదిలి నేను బయటికి వచ్చేసరికి, అక్క వీధిలో సగం ఏనుగును గీసేసి ఉండేది. అందరి ఆడపిల్లల్లా చుక్కలు పెట్టి కలిపే ముగ్గు కాదు. వేళ్ల సందుల్లోంచి పిండి వదులుతూ, ఊరేగింపు ముందు నడిచే ఏనుగునో, కూర్చునే నిద్రపోయే ఎదురు లాడ్జి కాపలా తాతనో, ముక్కుపుడకతో సహా పూలమ్మే మునెమ్మనో నేల మీదికి దించేసేది. తొక్కుడుబిళ్లకు గళ్లు గీయమంటే గడికొక మనిషిని గీసేది. తొక్కడానికి మనసొప్పక ఆట మానేసి చూస్తూ కూర్చునేవాళ్లం. మునెమ్మ మిగిలిన చామంతి రేకులు తెచ్చి ఏనుగు వీపు మీద పోసేది. దర్శనానికి పోయే వాళ్లు కూడా దాన్ని తొక్కకుండా పక్కకు తప్పుకుని నడిచేవాళ్లు.

అక్క పదో తరగతి అయిన ఎండాకాలం వాళ్ల డ్రాయింగు సారు మా ఇంటికి వచ్చారు. "ఈ పిల్ల సెయ్యి మామూలు సెయ్యి కాదప్పా. ఇంటరు అయినంక బొమ్మలు నేర్పే కాలేజీకి పంపించు" అన్నారు. దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాయన ఆయనకు మజ్జిగ ఇచ్చి, మర్యాదగా సాగనంపి, లోపలికి వచ్చి అవ్వతో అన్నాడు. "బొమ్మలేసుకుంటా యాడ బతుకుతాదిమా ఇది?"

తాగుడు మానలేని తోటి ఉద్యోగులను కాణిపాకం తీసుకెళ్లి, వినాయకుడి ఎదుట ప్రమాణం చేయించి మాన్పించడం నాయనకు అలవాటు. ఆ స్వామి ముందు ఇచ్చిన మాట తప్పే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు. ఎంపీసీలో చేరిన అక్క లెక్కల పుస్తకం అంచుల నిండా బొమ్మలు వేస్తుంటే, ఇదీ అలాంటి వ్యసనమే అనుకున్నాడు మహానుభావుడు. ఒక ఆదివారం అందరం బస్సెక్కాం. నాకు ప్రసాదం మీద తప్ప మరి దేని మీదా ధ్యాస లేదు. నాయన అక్క చేత తలస్నానం చేయించి, తడిబట్టలతోనే స్వామి ఎదుట నిలబెట్టాడు.

"ఇంజినీరింగు సీటొచ్చేదంకా బొమ్మ గియ్యనని సెప్పుమా."

అక్క చెప్పింది.

ఎంసెట్ రెండుసార్లు రాసింది. సీటు రాలేదు. రెండోసారి ఫలితాలొచ్చిన రోజు ఆమె కుప్పకూలి ఏడుస్తుంటే సీటు కోసమనుకుని అందరూ ఓదార్చారు. ఇక సీటూ రాదు, ఆ గడువూ తీరదు అని ఆ ఇంట్లో అర్థమైంది ఆమె ఒక్కదానికే. బీకాం చదివి, లాడ్జి కౌంటర్లో గదుల తాళాలిచ్చే ఉద్యోగంలో చేరింది. చెక్కిన పెన్సిలు కూడా ముట్టుకునేది కాదు.

ముసలితనంలో నాయన ఒకరోజు ముగ్గుపిండి గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నేనే సెప్తాండా. తప్పంతా నాదే. గియ్యి తల్లీ."

"నేను మాటిచ్చింది నీకు కాదు గదా నాయనా" అంది అక్క.

నాయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ దిగులుతోనే పోయాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు, జాలీ పోలేదు.

ఇప్పుడు ఆ వీధి నిండా సిమెంటు. అవ్వ లేదు, మునెమ్మ లేదు, కాపలా తాత లేడు. వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో చూపించడానికి ఒక్క బొమ్మ కూడా మిగల్లేదు. వాళ్లను గీసిందంతా నేల మీదే. మొన్న అక్క ఇంటికి వెళ్లాను. గడప ముందు బజారులో కొన్న ప్లాస్టిక్ స్టిక్కర్ ముగ్గు. పద్మం, రెండు హంసలు. ఒక హంస మెడ తప్పుగా వంగి ఉందని నాకే తెలుస్తుంటే ఆమెకు తెలియదా? స్టిక్కర్ అంచు ఒకచోట లేచి ఉంది. అక్క దాన్ని కాలి బొటనవేలితో అదిమి, "లోపలికి రామ్మా, కాఫీ తాగుదువు" అంది.