గొడుగుల పార్టీ

అరిజోనా ఎడారిలోని మా చాండ్లర్‌లో ఇప్పుడే వాన మొదలైంది. ఎండకు కాగిన పార్కింగ్ లాట్ దిక్కు నుంచి తడి మట్టి వాసన రాగానే భారతక్క గుర్తొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది.

2008లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, భారతక్క మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేది. నల్లగొండ పల్లెల్లో వయసంతా కమ్యూనిస్టు పార్టీ పనిమీద తిరిగిన మనిషి. ఆదివారాలు క్లబ్‌హౌస్‌లో పిల్లలకు తెలుగు నేర్పేది. పాఠమంటే పిల్లలు పారిపోతున్నారని ఏకంగా ఒక దేశాన్నే కల్పించింది. పేరు వానపురి, అక్కడ ఎప్పుడూ వానే. దేశమన్నాక ఎన్నికలు కావాలి కదా! గొడుగులన్నీ అందరివీ అనే కమ్యూనిస్టు పార్టీకి నన్ను నాయకురాలిని చేసింది.

నాకేమో నలుగురిలో నోరు పెగలదు. ఆఫీస్ మీటింగుల్లో బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేదాన్ని. ఇలాగే ఉంటే ప్రాజెక్టులోంచి తీసేస్తామని మేనేజర్ చెప్పేశాడు కూడా. భారతక్క అదంతా విని, "పిల్లల ముందర మాట్లాడనోళ్లు దొరల ముందర ఏం మాట్లాడతరు? లే బిడ్డా!" అంటూ కుర్చీ ఎక్కించింది.

"గొడుగు లేనివాళ్లు చేతులెత్తండి!" అన్నాను వణుకుతూ. అన్ని చేతులూ లేచాయి. ఆ ఎన్నికల్లో గెలిచేశాం.

ఆ తర్వాత అధికారం రుచి మరిగాను. ఈ ఆట కోసం భారతక్క ఇండియా నుంచి తెచ్చిన నాలుగైదు గొడుగులను అల్మరాలో పెట్టి తాళం వేశాను. ఎవరికివ్వాలో తేల్చడానికి ఒక కమిటీ వేశాను. ఓ జూలై ఆదివారం నిజంగానే వానొచ్చింది. పిల్లలు అల్మరా దగ్గరికి పరుగెత్తారు.

"ఆగండి, ముందు కమిటీ కూర్చోవాలి" అన్నాను.

చిన్నవాళ్లకివ్వాలా, ముందడిగినవాళ్లకివ్వాలా అని మేం వాదించుకుంటుంటే, కిటికీ దగ్గర నుంచి రోహన్ అనే పిల్లవాడు అరిచాడు: "ఆంటీ, రెయిన్ స్టాప్ అయిపోయింది!"

భారతక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "మేమూ గిట్లనే కూసున్నం బిడ్డా, వాన ఎలిసేదాక!"

మరుసటి ఎన్నికల్లో మాకు రెండే ఓట్లు: నాదీ, భారతక్కదీ. మెల్లగా జారుకోబోతే చెయ్యి పట్టి ఆపింది.

"గెలిచినప్పుడు ఎవరైనా మాట్లాడతరు. ఓడినంక మాట్లాడు, వింట."

లేచాను. తాళంచెవి రోహన్ చేతిలో పెట్టి, "ఇక అల్మరాకు తాళం వద్దు. మళ్లీ వానొస్తే నాకూ ఒక గొడుగిస్తారా?" అన్నాను. గొంతు వణకలేదు. "ఇస్తాం ఆంటీ!" అని పిల్లలు క్లబ్‌హౌస్ ఎగిరిపోయేలా అరిచారు. మర్నాడు ఆఫీస్ మీటింగ్‌లో మొదట లేచిన చెయ్యి నాదే. ఉద్యోగం నిలబడింది.

భారతక్క ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఆ గొడుగుల్లో ఒకటి నాకిచ్చింది. అది ఎప్పుడూ తలుపు పక్కనే ఉంటుంది. ఇప్పుడు కిటికీలోంచి కిందికి చూస్తే, పక్కింటావిడ రెండు చేతులా సరుకుల సంచులతో తడుస్తూ వస్తోంది. గొడుగు తీసుకుని మెట్లు దిగి పరుగెత్తాను. చాండ్లర్ వాన ఎంతసేపని ఉంటుంది!