మూడో నంబరు చేను

కళ్యాణదుర్గం బస్సులో ఉండగా ఫోనొచ్చింది, మా స్టాటిస్టిక్స్ సారు పోయినారని. పక్క సీటాయన ఏమైందప్పా అన్నాడు. డిగ్రీలో పాఠం చెప్పిన సారు పోయినాడన్నా. పెద్దాయనేనా అన్నాడు. పెద్దాయనే. ఆయనకు ఆ సంగతి అంతటితో అయిపోయింది. నాకు కాలేదు.

సారు క్లాసుకు శెనక్కాయల డబ్బా తెచ్చేవారు. కండ్లు మూసుకుని తలా నాలుగు కాయలు తీయాల. ఒలిచి, గింజలు లెక్కపెట్టి, కాయకు సగటున ఎన్నో బోర్డు మీద రాయాల. డబ్బా ఒకటే, అయినా ఒకరికి రెండు, ఒకరికి ఒకటింబావు. తర్వాత పదహారేసి తీయించేవారు. అప్పుడు సగటులన్నీ దగ్గర దగ్గరికి వచ్చేవి. "నాలుగింతలు తీస్తే ఊగులాట సగానికి తగ్గుతాది, అంతే. నమ్మకం అంత అగ్గువకు రాదప్పా," అనేవారు. ఆ ఊగులాటనే స్టాండర్డ్ ఎర్రర్ అంటారని డబ్బా మూత పెడతా చెప్పేవారు.

ఒకసారి నాకు లొట్టకాయ వచ్చింది, లోపల గింజే లేదు. కిటికీలోంచి పారేసి ఇంకోటి తీసినా. సారు చూడనే చూసినారు. నేను బయటికి పోయి దాన్ని ఏరుకొచ్చేదాకా క్లాసు ఆపేసినారు. "లొట్టది గూడ మన డబ్బాలోదే. సున్నా రాయి." అందరూ నవ్వినారు. నాకు తల కొట్టేసినట్లయింది.

అయినా బుద్ధి రాలేదు. పంట బీమా కోసం దిగుబడి చూసే ఉద్యోగమొచ్చింది, మా ఊర్లోనే. చీటీలు తీస్తే వచ్చిన నాలుగు చేన్లలో కొంచెం కొంచెం కోసి తూకం వేస్తాం. ఆ నాలుగింటి సగటే ఊరంతటి దిగుబడి. ఆ ఏడు వాన లేదు. మూడో నంబరు మా నాయన చేనికే పడింది. పోయి చూస్తే కాయే లేదు, గొర్రెలు మేస్తాండాయి. సున్నా రాస్తే నాయన కోసం రాసినాడంటారని భయపడి, పక్కన బోరు కింద పచ్చగా ఉండే చేన్లో కోసినా. సగటు హద్దుకు తగ్గితేనే బీమా దుడ్లిస్తారు. నేను రాసిన సగటు ఆ హద్దు దాటింది. ఊర్లో ఎవరికీ బీమా రాలేదు. మా నాయనకూ రాలేదు.

సారు దగ్గరికి పోయి చెప్పినా. నాలుగు చేన్లతో ఊగులాట ఎట్లాగూ ఉంటాది గదా సార్ అన్నా, సిగ్గులేక.

"ఊగులాట ఎవరి తప్పూ కాదు. నువ్వు చేసింది ఊగులాట కాదు. చేసింది పై ఆఫీసుకు రాసియ్యి."

రాయలేదు. ఉద్యోగం పోతాదని భయం. సారే నా పేరెత్తకుండా, నాలుగు చేన్లు చాలవని ఆఫీసుకు జాబు రాసినారు. రిటైరైన ముసలాయనకు పనీపాటా లేదని ఆడ నవ్వుకున్నారు. వాళ్లతో పాటు నేనూ నవ్వినా. తలుచుకుంటే నామీద నాకే ఉమ్మేయాలనిపిస్తాది.

ఆ తర్వాత ఎప్పుడు పోయినా ఒకటే అడిగేవారు, రాసినావా అని. లేదు సార్ అంటే, సరే టీ తాగు అనేవారు. తిట్టినా బాగుండు.

సారును మట్టి చేసి వచ్చిన రోజే నాయన పక్కన కూర్చుని అంతా చెప్పినా. కాగితం తీసి ఆఫీసుకు రాసినా. మూడో నంబరు ఎదురుగా నాయన పేరు, పక్కన సున్నా. నాయనకు చదువు రాదు. ఏది సున్నా అని అడిగి, దాని మీద వేలు పెట్టినాడు.

"ఇంత చిన్నదేనారా," అన్నాడు. ఆ వేలు చాలాసేపు ఆడనే ఉండిపోయింది.