కుడి భుజం మీద పైట

మొన్నొక ఆదివారం మా అన్నయ్య కూతురు, శ్రీకాకుళంలో ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, కాలేజీలో వీడ్కోలు పార్టీ ఉందని ఓ ప్యాకెట్టు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ప్యాకెట్టు విప్పితే అందులో చీర. దానికి కుచ్చిళ్ళు ముందే కుట్టేసి ఉన్నాయి, పైట మడతలు ముందే పెట్టేసి ఉన్నాయి, నడుం పక్కన ఒక జిప్పు ఉంది. నేను కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కునేలోపు ఆ పిల్ల చీరలోకి దూరి, జిప్పు లాగి, పైట భుజాన పడేసి గదిలోంచి పెళ్ళికూతురిలా నడిచొచ్చి, అయిపోయిందత్తా, ఫొటో తియ్యమంది. ఫొటో తీశాను గాని అది వంకరగా వచ్చింది. వయసు వల్ల కాదు, అసూయ వల్ల. ఎందుకంటే నేను చీర కట్టడం నేర్చుకోవడానికి పట్టిన కాలంలో ఒక మోస్తరు వంతెన కట్టెయ్యొచ్చు.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో చీర ఎవరూ నేర్పేవారు కాదు, వయసొస్తే దానంతటదే వస్తుందనుకునేవారు, జ్ఞానదంతంలాగ. మాది విజయనగరంలో కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం. టీచరు ట్రైనింగు పూర్తయ్యాక నాకు నెల్లిమర్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికేలా కనిపించింది. కనిపించింది అని ఎందుకంటున్నానంటే, అక్కడి పెద్ద టీచరుగారు నన్ను కింద నుంచి పైదాకా చూసి, ఎనిమిదో తరగతి అడ్మిషనుకి వచ్చాననుకుని అమ్మానాన్నల్ని తీసుకురమ్మన్నారు. నేను ఆకారంలో అప్పట్లో అగరొత్తికి అక్కనో, చెల్లినో. అసలు సంగతి తెలిశాక ఆవిడ నవ్వాపుకుని, చీర కట్టుకు రావాలనీ, ఒక వారం చూస్తాననీ, శనివారం తానే క్లాసులో కూర్చుని పాఠం విని అప్పుడు చెబుతాననీ అన్నారు.

మా నాన్న ఈ సంగతి విని బెల్లం దిమ్మ మీంచి ఈగలు తోలుతూ తీర్పు చెప్పాడు.

"సూద్దాం. ఆ పిల్లల్లో కలిసిపోయి దొరక్కపోతే మళ్ళీ వచ్చి కొట్లో కూకుందువుగాని."

కొట్లో కూర్చోవడమంటే పెళ్ళి సంబంధం కుదిరేదాకా చింతపండు పొట్లాలు కట్టడమన్నమాట. నాకు చింతపండు మీద ద్వేషమేమీ లేదు గాని, పొద్దున్నే బస్సెక్కి, నా టిక్కెట్టు నేనే తీసుకుని, ఎక్కడికో పనున్నదానిలా వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఆ బస్సుకీ నాకూ మధ్య ఆరు గజాల చీర అడ్డంగా, నాగావళి నదిలా పరుచుకుని ఉంది.

అమ్మనడిగితే ఆవిడకి చీర కట్టుకోవడం వచ్చు గాని, ఎలా కడుతోందో తెలియదు. నెమ్మదిగా కట్టి చూపించమ్మా అంటే సగంలో మరిచిపోయి మళ్ళీ మొదలెట్టేది. చివరికి విసుగొచ్చి తేల్చేసింది.

"సీర కట్టడం ఎవులైనా సెప్పి నేర్పుతారేటే? నా ఎదురుగా నిలబడు. నేను ఏటి సేస్తే నువ్వూ అదే సెయ్యి."

నిలబడ్డాను. ఆవిడ ఏం చేస్తే అదే, అద్దంలో బొమ్మలాగ, ఒక్క వేలు తేడా రాకుండా చేశాను. నా శ్రద్ధే నా కొంప ముంచింది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ భుజం నాకు కుడివైపునుంటుందని ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. ఆవిడ పైట ఎడమ భుజం మీదికి వెళ్ళింది, నాది కుడి భుజం మీద కూర్చుంది. సరిగ్గా ఆ సమయానికి పాలు పొంగి అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. పొరపాటు పట్టుకోవలసిన మనిషి పట్టుకోలేదు. అరుగు మీదున్న నాయనమ్మ మాత్రం నన్ను చూసి బోసినోరంతా తెరిచి నవ్వింది, ఎందుకంటే ఆవిడ పాతకాలం మనిషి, ఆవిడది ఎప్పుడూ కుడి పైటే.

"అదీ కట్టంటే. రగతం ఊరుకుంతాదేటి" అంది.

పుట్టినప్పటినుంచీ ఇంట్లో ఒకరికి పైట ఇటూ, ఒకరికి అటూ చూస్తూ పెరిగినదాన్ని, నాకు అనుమానం ఎలా వస్తుంది? రోజూ సాయంత్రం అరుగు మీద నాయనమ్మ ముందే సాధన చేసి చేసి ఆ కట్టు చేతుల్లో సిమెంటులా గడ్డకట్టుకుపోయింది.

సంతోషం పట్టలేక నాయనమ్మ తన పొందూరు నేత చీర పెట్టెలోంచి తీసి, తనే గంజి పెట్టి నాకిచ్చింది. గంజి విషయంలో ఆవిడకి పొదుపు తెలియదు. ఆ చీరని మూల నిలబెడితే నిలబడేది, తలుపు తెరిచి పెట్టడానికి పనికొచ్చేది. సోమవారం పొద్దున్న బస్సులో నేను కూర్చున్న కాసేపటికి గాని చీర కూర్చోలేదు. కండక్టరు టిక్కెట్టు ఒకరికి కొట్టాలో ఇద్దరికి కొట్టాలో తేల్చుకోలేక కాసేపు నిలబడ్డాడు.

క్లాసులో అడుగుపెట్టగానే ముందు బెంచీ వాడొకడు పక్కవాడి చెవిలో, ఊరంతటికీ వినపడేలా అన్నాడు.

"ఒరే, కొత్త టీసరు మా మామ్మ కట్టు కట్టినాదిరా."

"మీ మామ్మకి లెక్కలు రావు గదరా. ఈవిడకొస్తాయేటో సూద్దాం."

లెక్కలు వచ్చు. రాయడమే రాలేదు. సుద్దముక్క పట్టుకుని కుడి చెయ్యి పైకెత్తానా, కుడి భుజం మీది పైట మోచేతిలోకి జారిపోయేది. చెయ్యి దించి, పైట సర్దుకుని, మళ్ళీ ఎత్తితే మళ్ళీ జారేది. చేతికీ పైటకీ బావిగిలక సంబంధం, ఒకటి ఎక్కితే ఒకటి దిగాలి. చెయ్యి ఎత్తకుండా రాయగలిగిన చోటు బోర్డు అడుగున బెత్తెడు మాత్రమే. అక్కడే రాశాను, బోర్డు మిగతాదంతా కొత్తగా సున్నం వేసిన గోడలా ఖాళీగా ఉండగా. వెనక బెంచీల వాళ్ళు కనపడక లేచి నిలబడ్డారు, వాళ్ళ వెనకవాళ్ళు బెంచీలెక్కారు. బుధవారానికి నా క్లాసు పాఠంలా లేదు, తీర్థంలో తోలుబొమ్మలాట చూస్తున్నట్టుంది. పెద్ద టీచరుగారు కిటికీలోంచి చూసి వెళ్ళిపోయారు. శనివారం ఆవిడ కూర్చోబోయేది చివరి బెంచీలో. అక్కడినుంచి ఆ బెత్తెడు దేవుడికి కూడా కనపడదు.

గురువారం సాయంత్రం ఇంటికెళ్ళి జరిగింది చెబితే అమ్మ నన్ను చూసి, తన భుజం చూసుకుని, లెంపలేసుకుంది. వెంటనే ఎడమ వైపుకి మార్చబోయాం. నా చేతులు మొరాయించాయి. కుచ్చిళ్ళు పడమటికి తిరగాల్సినవి తూర్పుకి తిరిగి, రెండడుగులు వేసేసరికి చీరంతా మిఠాయి పొట్లంలా విడిపోయింది. పోనీ కుడి పైటకే పిన్నీసులు పెడదామని అమ్మ గుచ్చితే పైట నిలిచింది గాని చెయ్యి లేవలేదు. నేను చాప మీద కూలబడి, చింతపండు పొట్లం ఎలా కట్టాలో మనసులో నెమరేసుకుంటూ ఏడుపందుకున్నాను.

అరుగు మీంచి నాయనమ్మ లేచొచ్చి, కొట్లోంచి సుద్దముక్క తెప్పించి, సామానుగది తలుపు మీద రాయమంది. రాశాను. జారింది. ఆవిడ నవ్వింది.

"సెయ్యెత్తితే పైట జారిందంటే తప్పు భుజానిది కాదే, నడుందీ. ఊరికే ఏలాడేస్తే జారక ఏటి సేస్తాది? నేనీ పైటతోటి బావిలో నీళ్ళు తోడలేదేటి, అటకెక్కి జాడీలు దింపలేదేటి?"

వెనక వేలాడుతున్న పైట కొంగుని వీపు మీదుగా అడ్డంగా లాగి, ఎడమ నడుం దగ్గరికి తెచ్చి గట్టిగా దోపింది. దోపి, భుజం దగ్గర రెండు వేళ్ళు పెట్టి, ఒక జానెడు వదులు లాగి వదిలింది. చెయ్యి ఎత్తడానికి ఆ మాత్రం చోటుండాలంది. చెయ్యెత్తాను. పైట కదల్లేదు. తలుపు పైదాకా ఎత్తాను. కదల్లేదు. సామానుగది తలుపు రెండు వైపులా ఎక్కాలు రాసి పారేశాను. ఆ తలుపు తుడవడానికి అమ్మకి పండగ దాకా పట్టింది.

శనివారం పెద్ద టీచరుగారు చివరి బెంచీలో కూర్చున్నారు. నేను మునివేళ్ళ మీద నిలబడి, బోర్డు పైఅంచున మొదటి లెక్క వేశాను. చెరిపి మళ్ళీ అక్కడే రెండోది వేశాను. మూడోదీ అక్కడే. చెయ్యి పైకి వెళ్తోందన్న ఆనందంలో నాకు కింద బోర్డు ఉందన్న సంగతే గుర్తులేదు. మామ్మ కట్టు కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గంట కొట్టాక ఆవిడ లేచి, గుమ్మం దగ్గర ఆగారు.

"బోర్డు కింద కూడా రాయొచ్చమ్మా. సోమవారం తొందరగా రండి, ప్రార్థన మీరు చేయించాలి."

మా నాన్న చింతపండుకి వేరే మనిషిని చూసుకున్నాడు. ఆ తర్వాతి వారం బడి వరండాలో చిన్నపిల్లలు టీచరాట ఆడుతుంటే చూశాను, టీచరైన పిల్ల తువ్వాలు కుడి భుజాన వేసుకుని, కొస తెచ్చి ఎడమ నడుంలో దోపుకుని, కర్రతో గోడని బెదిరిస్తోంది.

పెళ్ళయి శ్రీకాకుళం వచ్చాక మా తోటికోడలు నాకు ఎడమ పైట నేర్పింది. తెలివైనది, పక్కన నిలబడి నేర్పింది. క్రమంగా అందరిలాగే అయిపోయాను. తర్వాత కొన్నేళ్ళకి నాయనమ్మకి కుడి భుజం పట్టేసింది, చెయ్యి ఛాతీ దాటి లేచేది కాదు. అమ్మ చీర కడితే చేతులు అలవాటు కొద్దీ ఎడమకే పోయేవి. నాయనమ్మ కిందికి చూసుకుని, ఎవులో మనిషిని తెచ్చి నా మంచం మీద కూకోబెట్టినట్టున్నాదని విప్పించేసేది. అందుకని సెలవు దొరికినప్పుడల్లా నేను బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఆవిడ ఒక చెయ్యి నా తల మీద ఆన్చి నిలబడేది, నేను కుడి పైట వేసి, వీపు మీదుగా తెచ్చి దోపేదాన్ని. గట్టిగా దోపవే, జారిపోతాది అనేది. ఆ చెయ్యి ఇక పైకి లేవదని ఇద్దరికీ తెలుసు. అయినా భుజం దగ్గర జానెడు వదులు మానలేదు నేను.

ఆవిడ పోయాక మా ఇళ్ళలో కుడి పైట వేసే మనిషి లేదు. దానికేం, పైటలు మారతాయి, భుజాలు మారతాయి. నాకు తోచేదేమిటంటే, అప్పట్లో చీర ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు నిలబడాలి, ఇంకొకరు కింద కూర్చుని కుచ్చిళ్ళ అంచులు పట్టి లాగాలి, లాగుతూ బరువెక్కావనో చిక్కిపోయావనో ఏదో ఒకటి అనాలి. ఇప్పుడు పొద్దున్నే తలుపేసుకుని నా కుచ్చిళ్ళు నేనే వంగి లాగుకుంటున్నాను. కింద సర్దితే పైన జారుతుంది, పైన సర్దితే కింద ముడుచుకుపోతుంది. కాసేపు అలా వంగుతూ లేస్తూ ఉండి, అద్దంలో మనిషిని చూసి, ఈ మాత్రం చాల్లే అనుకుని గుమ్మం దాటుతాను.