పదో పరీక్ష

ఆఫీసులో ఆమెను అందరూ ఎర్రసిరా అక్క అంటారు. ఆమె సిరా ముట్టుకుని ఏళ్లయింది. ఆస్పత్రుల్లో మందుల చీటీలు ముద్రించే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం ఆమె పని. ఒకప్పుడు ఒక్కో మోతాదూ చేత్తో కొట్టి, చీటీలో సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునేది. ఆ చాకిరీ చేయలేక పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో పరీక్షల కోసమే ఉన్న ఒక రెడీమేడ్ మాడ్యూల్ పట్టుకుని, పరీక్షలన్నీ రోజూ వాటంతటవే నడిచేలా చేసింది. అన్నీ సరిగ్గా ఉంటే గోడమీది తెర పచ్చగా ఉంటుంది, ఏది తప్పినా ఎర్రబడుతుంది.

ఇక సాయంత్రాలు తనవే అనుకుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తెర ఎర్రబడితే చాలు, కోడు రాసినవాళ్లు తమ కోడు చూసుకోకుండా ఆమె మీదికి వచ్చేవారు. "అంతా యంత్రమే చేస్తుందన్నావు, మరి నీకెందుకమ్మా ఇంత ఆలస్యం?" అని అత్తగారు అడిగేది.

ఆ వారం కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి పోవాలి. తెర ఎర్రగానే ఉంది. టీమ్ లీడర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, తొమ్మిది టెస్టులూ పాసయ్యాయి కదా, ఇంకా ఎరుపెందుకు?"

"పది టెస్టులు చేస్తానని ఫైలు మొదట్లోనే రాశాను, లెక్క తగ్గితే తెర ఎర్రబడుతుంది. తొమ్మిది అయ్యాక ప్రోగ్రాం నోరు మెదపకుండా ఆగిపోతోంది. ఆ పదోది పసిపిల్లల డోసు."

"అయితే పదిని తొమ్మిది చేసెయ్. ఒక్క అంకేగా!"

"ఎక్కడ ఆగుతోందో నువ్వు చూడు. అంకె నేను మార్చను."

"ఇంతమందీ కష్టపడుతుంటే అడ్డం పడేది నువ్వొక్కదానివే" అని విసురుగా వెళ్లిపోయాడు. ఆమెకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాడు దొర, చూపించినదానికి చీవాట్లు!

మర్నాడు అత్తగారిని కంటి డాక్టరుకు చూపించడానికి సెలవు పెట్టింది. అక్కడ బెంచీ మీద ఉండగా ఆఫీసు గ్రూపులో టీమ్ లీడర్ సందేశం వచ్చింది. "అక్కా, అంతా పచ్చ! రేపు పొద్దున రిలీజు. నీ ఆటోమేషన్ సూపర్." దాని కింద పెద్దసారు చప్పట్ల బొమ్మ పెట్టాడు.

పొద్దున అందరికంటే ముందు వెళ్లి ఫైలు తెరిచింది. పది ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది. పరీక్షల నివేదిక అడుగున మాత్రం ఎప్పటిలాగే ఆమె పేరే ఉంది. ఇన్నాళ్లూ తిట్లకు రాని ఏడుపు ఆ పొగడ్తకు వచ్చింది. ముక్కు తుడుచుకుని, మళ్లీ పది వేసి, పరీక్షలు నడిపింది.

టీమ్ లీడర్ తలుపు తీస్తూనే ఎర్రబడ్డ తెర చూసి అరిచాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే. నివేదిక కింద పేరుంది, చదువుకో."