పద్మనాభం గారి ముప్ఫై ఎనిమిది వారాలు

పద్మనాభం గారికి ఫుట్‌బాల్ తెలియదు. కోనసీమలో ఆయన చదివిన హైస్కూల్లో ఉన్న ఆటసామాను మొత్తం ఒక వాలీబాల్ నెట్టు, అదీ సగం చిరిగింది. ముప్ఫై ఏళ్ళ కిందట పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వంలో గణాంకాల కొలువు తెచ్చుకుని ఢిల్లీ వచ్చారు. దేశంలోని బజార్లలో బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయల ధరలు నెలనెలా ఎలా ఉన్నాయో పట్టికలకెక్కించడం ఆయన పని. ఒక్క నెల పెరిగిందని "పెరుగుతోంది" అని రాయకండి అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. వైశాలిలో మూడో అంతస్తు ఫ్లాటు. భార్య సరోజిని ఆ దగ్గర్లోనే స్కూల్లో సైన్సు టీచరు. కూతురు సాత్విక గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది.

ఆయన్ని ఈ ఆటలోకి దింపినవాడు సుధీర్. కరీంనగర్ కుర్రవాడు, అదే ఆఫీసులో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. వైశాలిలోనే రెండు వీధుల అవతల ఉంటాడు కాబట్టి పొద్దున్నే ఇద్దరూ కలిసి మెట్రో ఎక్కుతారు.

"సార్, ఆఫీసుల ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ పెట్టినం. ఏడుగురమే అయినం. మీరు చేరుండ్రి," అన్నాడు ఆగస్టులో ఒకరోజు.

"నాకు ఫుట్‌బాలు తెలీదయ్యా. ఒక్క ఆటన్నా చూసింది లేదు."

"చూసుడు గూడ అవసరం లేదు సార్. అంత లెక్కలే."

లెక్కలన్న మాటకి పద్మనాభం గారు మెత్తబడ్డారు. రాజీవ్ చౌక్‌లో రైలు మారేలోపు సుధీర్ ఆట చెప్పేశాడు. ఇంగ్లండులో జరిగే అసలు లీగు ఆటగాళ్ళలోంచి పదిహేనుమందిని ఎంచుకోవాలి. మైదానంలో వాళ్ళు ఏం చేస్తే మనకి అన్ని పాయింట్లు. కెప్టెన్‌గా ఎవరిని పెడితే వాడి పాయింట్లు రెట్టింపు. వారానికొక మార్పు చేసుకోవచ్చు. అంతకు మించితే మార్పుకి నాలుగు పాయింట్ల కోత. వారం వారం గడువుంటుంది, అది దాటితే ముట్టుకోవడానికి లేదు. ఇలా ముప్ఫై ఎనిమిది వారాలు.

పద్మనాభం గారు తన టీముకి "గోదావరి గట్టు" అని పేరు పెట్టి, పట్టికలు గీయడం మొదలుపెట్టారు. ఎవరెన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని నిమిషాలు ఆడారు, ఎవరి మీద ఆడారు. అన్నీ రంగు రంగుల గళ్ళు. అక్టోబరు వచ్చేసరికి ఎనిమిదిమందిలో ఆయన ఎనిమిదో స్థానంలో ఉన్నారు.

ఆయన పక్క సెక్షనులో పనిచేసే నేహా మూడో స్థానంలో ఉంది. సీజను మొదట్లో పెట్టుకున్న టీమునే ఉంచుకుంది. "రహస్యం ఏమిటమ్మా?" అని అడిగితే, "కుఛ్ నహీఁ సర్, మైఁ తో భూల్ జాతీ హూఁ," అని నవ్వింది. మార్చడం మర్చిపోతుందట.

ఆ ఆదివారం ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఇద్దరు ఆటగాళ్ళని తీసేస్తుంటే సరోజిని వెనక నుంచుని చూసింది.

"వీళ్ళనేగా పోయినవారం తెచ్చారు?"

"ఆడలేదు. వీళ్ళ బదులు మొన్న మూడు గోల్స్ కొట్టినవాడొకడున్నాడు."

"మొన్న కొట్టాడు సరే. మొన్నటి కూర బావుందని ఇవాళ ఆకలి తీరుద్దా ఏవండీ?"

కాసేపటికి ఆయన కొత్త పట్టిక ఒకటి గీశారు. ఇది ఆటగాళ్ళ గురించి కాదు, తన గురించి. రెండు నెలల్లో అదనంగా పదమూడు మార్పులు చేశారు. యాభై రెండు పాయింట్లు కోతకే పోయాయి. పంపించేసిన వాళ్ళలో సగంమంది వెళ్ళిన రెండు వారాల్లోపే గోల్స్ కొట్టారు. ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసులో అందరికీ చెబుతున్న మాట తనే వినలేదని ఆయనకి తెలిసింది. కొంచెం సిగ్గు కూడా వేసింది. ఆరోజు నుంచి వారానికి ఒక్కటే మార్పు, అదీ శుక్రవారం సాయంత్రానికి ముందు చెయ్యకూడదని నియమం పెట్టుకున్నారు.

టీము పైకి రావడం మొదలుపెట్టింది. డిసెంబరులో ఓ శనివారం సాత్వికకి జ్వరమని హాస్టలు నుంచి ఫోనొస్తే భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి గ్రేటర్ నోయిడా వెళ్ళారు. డాక్టరు, రక్తపరీక్ష, జావ, మందులు. ఆ హడావిడిలో గడువు దాటిపోయింది. ఆ వారం ఎవరూ ముట్టుకోని ఆయన టీమే ఎనిమిది టీముల్లోకీ ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది. తన తెలివి ఏమీ లేకుండా వచ్చిన ఆ గెలుపుకి సంతోషించాలో లేదో ఆయన తేల్చుకోలేకపోయారు. ఏదైతేనేం, సాత్వికకి జ్వరం తగ్గింది.

మే నెల వచ్చేసరికి సుధీర్ మొదటి స్థానంలో, పద్మనాభం గారు రెండో స్థానంలో. మధ్య తేడా తొమ్మిది పాయింట్లు. మిగిలింది ఒక్క వారం.

ఆ శుక్రవారం సుధీర్ ఆఫీసుకి రాలేదు. వాళ్ళ నాన్నకి గుండెనొప్పి వస్తే హైదరాబాదు తీసుకెళ్ళారని, తెల్లవారుజాము విమానానికే వెళ్ళాడని తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం సుధీర్ పద్మనాభం గారికి ఫోను చేశాడు.

"ఎలా ఉందయ్యా నాన్నగారికి?"

"స్టెంట్ వేస్తున్నరు సార్. బయట కూసున్న. సార్, ఒక్క మాట. నా కెప్టెన్‌కు కాలు బెణికిందట, ఆడడట. నాకు ఇప్పుడు ఏది తోస్తలేదు. పాస్‌వర్డ్ పంపిన. జర మీరే ఎవల్నన్న పెట్టుండ్రి."

"నాకా ఇస్తున్నావు?"

"మా తమ్ముడు గూడ గదే అని నవ్విండు. ఏం గాదు సార్, మీరే చూడుండ్రి."

ఫోను పెట్టేశాక పద్మనాభం గారు రెండు టీములూ పక్కపక్కన తెరిచారు. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే సుధీర్ ఉపకెప్టెన్‌కి రెట్టింపు వస్తుంది. వాడొక మామూలు డిఫెండరు. "చూద్దామనుకునే లోపు గడువు దాటిపోయింది" అంటే సుధీర్ నమ్ముతాడు. ఆ సంగతి ఆయనకి తట్టింది. తట్టినందుకు తన మీద తనకి కోపమొచ్చింది.

సుధీర్ టీములో ఒక ఎడమకాలి ఫార్వర్డ్ ఉన్నాడు. సొంత మైదానంలో, అందరికన్నా అడుగున ఉన్న జట్టుతో ఆడబోతున్నాడు. పెనాల్టీలు కూడా వాడే కొడతాడు. రెండో ఆలోచన అక్కర్లేదు. వాణ్ణే కెప్టెన్‌ని చేశారు. రెండు నిమిషాల పని.

తర్వాత తన టీము చూసుకున్నారు. అదే ఫార్వర్డ్ ఆయన దగ్గరా ఉన్నాడు, కెప్టెన్‌గానే ఉన్నాడు. అలా వదిలేస్తే తేడా తెచ్చేది రెండు టీముల్లోనూ వేరువేరుగా ఉన్న నలుగురు. ఆ నలుగురూ తొమ్మిది పాయింట్ల దూరాన్ని దాటించవచ్చని పట్టిక చెబుతోంది. దాటించకపోనూవచ్చు. చేతులు కట్టుకుని చూడడం ఆయనకి కష్టమైంది. గంటన్నర అటూ ఇటూ తిరిగి, టీ తాగి, చివరికి కెప్టెన్సీ తీసి, తన టీములోనే ఉన్న, మైదానం అంచున ఆడే ఒక కుర్ర వింగరుకిచ్చారు. ఎందుకు వాడే అంటే పట్టికలో కారణమేమీ లేదు. గెలిస్తే తను గెలిపించినట్టుంటుంది.

ఫలితం సోమవారం పొద్దున్న మెట్రోలో చూసుకున్నారు. ఫార్వర్డ్ రెండు గోల్స్ కొట్టి పదమూడు పాయింట్లు తెచ్చాడు; సుధీర్‌కి అవి ఇరవై ఆరు. కుర్ర వింగరు తెచ్చినవి రెండు. ఆ నలుగురు మాత్రం సుధీర్ నలుగురికన్నా పన్నెండు ఎక్కువే తెచ్చారు. ఆదివారం తన టీముని ముట్టుకోకుండా ఉంటే మూడు పాయింట్లతో గెలిచేవారు. ముట్టుకున్నందుకు ఎనిమిదితో ఓడారు. పటేల్ చౌక్ వచ్చేదాకా ఆయన ఆ లెక్కని మూడుసార్లు వేసుకున్నారు. మూడుసార్లూ అంతే వచ్చింది.

సుధీర్ రెండు వారాలకి తిరిగొచ్చాడు. నాన్న కులాసా. ఎనిమిదిమందీ కలిసి అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి వెళ్ళారు. ఎండలో వరుసలో నుంచుని ఉండగా సుధీర్ గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, నాకు మంచోన్ని పెట్టిండ్రు. మీకెందుకు పెట్టుకోలే?"

"నీ టీముకి ఏం కావాలో చూసి పెట్టానయ్యా. నా దగ్గరికొచ్చేసరికి నాకేం కావాలో చూసుకున్నాను," అన్నారు పద్మనాభం గారు. ఇంతలో లోపల బల్ల ఖాళీ అయిందని నేహా పిలిచింది. గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నారు.

అదే నెలలో సాత్వికకి రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి నోయిడాలో, ఇంట్లో ఉండి వెళ్ళిరావచ్చు. రెండోది పుణెలో, బ్యాటరీల పరిశోధన చేసే చిన్న సంస్థ. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు తను చేసిందీ బ్యాటరీల మీదే.

"పప్పా, ఆప్ బతావో నా," అంది ఫోనులో, ఏది తీసుకోవాలో ఆయన్నే చెప్పమని.

"నోయిడాదే నయం కదే," అనబోయి ఆయన ఆగారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "రేపు చెప్తాను" అన్నారు. మర్నాడు స్టేషనుకి నడుస్తూ సుధీర్‌ని అడిగారు, ఎవరి సంగతో అన్నట్టు: "నీకో చెల్లెలుండి, ఇంటిదగ్గర నోయిడా ఉద్యోగమా, పుణెలో తను చదివిన పనా అని అడిగితే ఏం చెబుతావు?"

"గిందులో అడిగేదేముంది సార్. పుణె పొమ్మంట."

తనకి తెలిసిన జవాబే. మరొకరి నోట వినాలనిపించింది, అంతే. సాయంత్రం ఫోను చేసి "పుణె వెళ్ళమ్మా" అని చెప్పారు.

సరోజిని రెండు రోజులు ముభావంగా ఉంది. మూడోరోజు అడిగింది: "దగ్గరుంటుందని మీకు మాత్రం లేదా?"

"ఉంది. అందుకే నా మాట నేను నమ్మలేదు."

"ఆ ముక్క నాతో ముందు అనొచ్చుగా," అంది ఆవిడ. ఆ తర్వాత అల్మారాలోంచి పాత దుప్పట్లు తీసి, పుణెలో చలుంటుందా ఉండదా అని ఎవరికో ఫోను చేసింది.

జూలైలో నిజాముద్దీన్ స్టేషనులో సాత్వికని రైలెక్కించారు. పెద్ద సూట్‌కేసు బెర్తు కిందికి పట్టలేదు. ఎదుటి సీటు పెద్దాయన తన సంచులు సర్ది చోటిచ్చాడు. రైలు కదిలాక సరోజిని కళ్ళు తుడుచుకుంది. పద్మనాభం గారు ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసి, "పద, బస్సు దొరుకుతుందేమో చూద్దాం," అన్నారు.