తెల్ల కుక్క కోసం దాజీ పేటంతా తిరిగిన పూట

రాయడం నేర్చుకున్నవాళ్లెవరైనా ముందు తమ గొప్పలు రాసుకుంటారు. నేను యాభై దాటాక పలక పట్టినదాన్ని. గొప్పల కోసం బుర్రంతా వెతికితే ఒక కుక్క దొరికింది. ఒక్క పూటలో, ఒక్క కుక్క చేతిలో, సోలాపూర్‌లో నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వండి గానీ కొంచెం మెల్లగా నవ్వండి. మా ఆయన ఇప్పటికే మీ అందరి వంతూ నవ్వేశాడు.

ఎనభైల నాటి మాట. సిరిసిల్ల నుంచి సోలాపూర్ దాజీ పేటకు కోడలిగా వచ్చి ఎనిమిది నెలలైంది. ఒక్కసారి కూడా తల్లిగారింటికి పోలేదు. మా అత్తమ్మకు ఒక కుక్క ఉండేది. మల్లెపువ్వంత తెల్లగా ఉందని దానికి మల్లిగాడని పేరు పెట్టింది. ఆ ఇంట్లో ముందు అత్తమ్మ, ఆ తర్వాత మల్లిగాడు, మామయ్య ఎక్కడో మగ్గం వెనకాల. నేను, బీడీలు చుట్టే చాట కంటే కొంచెం కింద.

ఆ రోజు అత్తమ్మ తుల్జాపూర్ అమ్మవారి దర్శనానికి బయల్దేరింది.

"పిల్లా, నేనొచ్చేసరికి మల్లిగానికి తానం చేపియ్యి. మంచిగ జూస్కుంటే రేపే నిన్ను తల్లిగారింటికి పంపిస్త."

"వాడు తప్పిపోతే అత్తమ్మా?" నోరు జారి అడిగాను.

"అప్పుడు నువ్వు గూడ ఏడికీ పోవు."

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నా ఉత్తమత్వం సరిగ్గా సబ్బు రుద్దేంతసేపు నిలిచింది. చెంబుతో నీళ్లు ఎత్తేలోపు మల్లిగాడు చేతుల్లోంచి చేపలా జారి, నురగతో సహా వీధిలోకి దూకాడు. చాట, ఆకు, తంబాకు అక్కడే వదిలేసి నేనూ దూకాను. వాడు రంగుల కార్ఖానా సందులోకి తిరిగాడు. నేను తిరిగేసరికి లేడు.

ఆ సందు సంగతి మీకు చెప్పాలి. చద్దర్ల నూలుకు రంగు వేసేది అక్కడే. మోరీలో నీళ్లు కూడా రంగులే. ఏ వారం ఏ రంగు కాస్తే, ఆ వారం పేటలో ఆ రంగు కుక్కలు తిరిగేవి. పచ్చ కుక్క ఎదురొచ్చినా ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు.

నూలు పిండుతున్న ముసలాయన్ని అడిగాను. "కాకా, తెల్ల కుక్క ఇటు వచ్చిందా?"

"తెల్లదా? మా సందుల తెల్లది ఏదన్న తెల్లగ ఉంటదా బిడ్డా? ఇగో, ఇప్పుడే ఈ తొట్టిలకెళ్లి ఎర్రదొకటి దుంకి ఉరికింది."

"ఎర్రది నాకెందుకు కాకా!" అని ముందుకు పరుగెత్తాను.

మీకు తెలిసిపోయింది కదూ? మీరు తెలివైనవాళ్లు. నాకు తెలియలేదు.

రెండు సందులు దాటాక "మల్లిగా!" అని గొంతెత్తి పిలిచాను. వెనకాల ఏదో "భౌ" అంది. తిరిగి చూస్తే దానిమ్మ గింజ రంగు కుక్క, తోక ఊపుతూ.

"నిన్ను గాదు! చల్, పో!"

మళ్లీ పిలిచాను. మళ్లీ అదే పలికింది. చెప్పు విసిరితే, ఆ చెప్పును నోట కరుచుకుని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఎవరి కుక్కో గానీ మంచి బుద్ధిమంతురాలు అనుకున్నాను.

కొంతం చౌక్ చేరేసరికి ఊపిరి అందలేదు. చాయ్ బండి ఆయన్ని అడిగితే ఆయన మరాఠీలో ఏదో అని, నా వెనక్కు వేలు చూపించాడు.

"అది నాది గాదు భావూ! నాది ఇట్లుంటది!"

తెలుపును మరాఠీలో ఏమంటారో అప్పటికి నాకు రాదు. అందుకని పళ్లన్నీ బయటపెట్టి చూపించాను. పాపం, ఆయన రెండడుగులు వెనక్కు వేశాడు.

పొద్దు వాలుతోంది. అత్తమ్మ వచ్చే వేళైంది. సిరిసిల్ల కళ్ల ముందు నుంచే చెరిగిపోతున్నట్టుంది. సరిగ్గా అప్పుడే బండి కింద పడుకున్న ఒక తెల్ల కుక్క కనిపించింది. ఎవరిదీ కాదు. ఒక చెవి నిలబడి ఉంది, ఒకటి వేలాడుతోంది. అయితేనేం, తెలుపు తెలుపే! రెండు బన్నులు పెట్టి, తాడు అడుక్కుని కట్టి ఇంటికి లాక్కొచ్చాను. ఎర్రది దారంతా దాని మీద మొరుగుతూ మా వెంటే వచ్చింది.

అత్తమ్మ అప్పటికే గడపలో కూర్చుని ఉంది.

"ఇగో అత్తమ్మా, మల్లిగాడు. తానం చేపిచ్చిన."

"చెవేందే అట్లున్నది?"

"తానంల నాని మెత్తబడ్డది."

ఆమె నోరు తెరిచేలోపు ఎర్ర కుక్క నన్ను తోసుకుంటూ పోయి ఆమె ఒడిలో దూకింది. అత్తమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మల్లిగా! నిన్ను గిట్లెవలు జేసిండ్రురా?"

నేను తాడు వదిలేశాను. "ఎట్ల గుర్తుపట్టినవ్ అత్తమ్మా?"

"నన్ను జూస్తె తోక ఊపేటిది ఈ ఇంట్ల అదొక్కటే."

జరిగిందంతా ఏడుస్తూ చెప్పాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి నయం, ఆమె పిల్ల మీద చెప్పు విసరలేదు. వింటూ వింటూ అత్తమ్మ గడప మీదే ఒరిగిపోయి నవ్వింది. పక్కిళ్ల వాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి మరీ వచ్చి నవ్వారు.

"మరి రేపు నన్ను పంపవా అత్తమ్మా?"

"పంపకేంజేస్త? కానీ ఒక్కదాన్ని పంప. పొద్దంత ఎన్కెన్క తిరిగిన కుక్కనే ఆనవాలు పట్టకపోతివి, బస్సు దిగినంక మీ అమ్మను పడతవా? మామను తోడిస్త. ఆయన చూపెడతడు."

మామయ్య అత్తమ్మ మాట జవదాటే మనిషి కాదు. మర్నాడు సిరిసిల్లలో మా గుమ్మం ముందు నిలబడి, మా అమ్మ వైపు వేలు చూపించి, "ఇగో బిడ్డా, ఈమెనే మీ అమ్మ" అన్నాడు. అమ్మ అయోమయంగా నా ముఖం చూసింది.

ఆ గుమ్మంలోనే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో నాది ఏది పోయినా, ఊరి మీద పడేముందు ఒక్కసారి వెనక్కు తిరిగి చూస్తాను. అక్కడ ఏ రంగుది నిలబడి ఉన్నా సరే, ముందు దాని పేరు అడుగుతాను.